ఒకటి ఎక్కువ

నెలకు ఇరవై రోజులు నా పని
ఒకరి నోటి మాటను ఇంకొకరి చెవిలో వేయడం.
పొల్లు పోకూడదు, సొంతం కలపకూడదు,
నియామకపు కాగితంలో మూడో షరతు.

ఇవాళ పొద్దే పొడవని డిసెంబరులో
ఫిన్‌మార్క్ పీఠభూమి మీద, జనరేటరు దీపం కింద
దొడ్లో రెయిన్‌డీర్లు తిరుగుతున్నాయి
ఎడమకే, ఎప్పుడూ ఎడమకే,
చెంచాతో తిప్పి వదిలేసిన కాఫీలా.
అడుగు పడ్డప్పుడల్లా మడమలో నరం టిక్కుమంటుంది.
గదినిండా గడియారాలు,
ఏ రెండూ ఒకే టైము చెప్పవు.

టోర్లైఫ్ చేతిలో నొక్కితే అంకె పెరిగే చిన్న యంత్రం.
మంచివాడే. ముక్కు కారుతున్నా తుడుచుకోడు,
లెక్క తప్పుతుందని.

"ఎన్ని ఉన్నాయని అడుగుతున్నాడు" అన్నాను.
మాలో ఎవరూ ఎవర్నీ అడగని ప్రశ్న.
నా నోట్లోంచి వచ్చింది కాబట్టి
రవ్నా అత్త నా వంకే చూసింది.
"తెల్లచెంపది ఈసారి పిల్ల లేకుండా తిరిగొచ్చింది,
కొమ్ము విరిగింది ఈ చలి దాటదు, చెప్పు.
ఎన్ని అని కాదు,
ఎవరెవరు అని అడగమను."
చెప్పాను.
రాసుకోవడానికి కాగితంలో గడి లేదు.

అక్టోబరులో వాన పడి, పడ్డది పడ్డట్టే గడ్డకట్టింది.
మంచు కింద నాచు ఉందా,
గిట్టతో తవ్వితే అందుతుందా, ముక్కుకు వాసన తగులుతుందా,
ఇదంతా కలిపి మాకు ఒకటే మాట, గువొహ్తున్.
నార్వేజియన్‌లో దానికి పదిహేను మాటలు ఖర్చుపెట్టాను.
నివేదికలో అది "మేత" అయింది.
గాలిమరల రోడ్డు కింద పోయిన మేత సంగతో?
అది వేరే శాఖ.

భూమి అలిసిపోయిందట.
అందుకని రెండు వందల పది.
అంతకు మించితే రోజుకింత జరిమానా.

మంద మళ్లీ తిరిగింది. అతను మళ్లీ నొక్కాడు.
రెండు వందల పదకొండు.

అత్త తాడు విసిరింది.
ఏడు నెలల పిల్ల, కళ్లనిండా దీపం.
దాని చెవి మడిచి నాకు చూపించింది.
ఎడమ చెవి కొనకు వాలు కోత, కింద రెండు గంట్లు,
కుడి చెవి వెనక పిట్టతోక.
నేను పుట్టిన ఏడాది
నానమ్మ తన గుర్తులో ఒక గంటు పక్కకు జరిపి
నాకిచ్చిన గుర్తు.

పదేళ్లు వాడని గుర్తు రద్దవుతుంది.
ఆ నోటీసును మా భాషలోకి తెచ్చింది నేనే.
జీతంలో చేరి తొమ్మిదేళ్లు.
మొన్న జూలైలో, సూర్యుడు పడుకోని ఏదో రాత్రి,
కత్తి తీసి, ఎవరికీ చెప్పకుండా
అత్త నా పేరు రాసేసింది.

కోసిన చెవిముక్కలు దారానికి గుచ్చి దాస్తుంది, ఆమె లెక్కల పుస్తకం అదే.
అందులోంచి ఒకటి లాగి నా చేతితొడుగులోకి తోసింది.
ఎండి, గట్టిగా, గోరంత.

"ఒకటి ఎక్కువుందట" అన్నాను.
"తెలుసు" అంది. "అది నీది. చెప్పు."

టోర్లైఫ్ పెన్నులో ఇంకు గడ్డకట్టింది,
నోట్లో పెట్టుకుని వెచ్చబెడుతున్నాడు.
"ఏమంటోంది?"

మూడో షరతు.
ఉన్నదున్నట్టు "అది నీది" అంటే
ఆ పిల్ల అతనిదైపోతుంది.

తొమ్మిదేళ్లుగా ఈ నోటితో "నేను" అన్నప్పుడల్లా
అది ఇంకెవరో.
దొడ్డి అవతల కుక్క ఒకసారి మొరిగి ఊరుకుంది.

"నాది" అన్నాను.

అతను పెన్ను నోట్లోంచి తీశాడు.
"నాది అంటే,
ఆమెదనేగా?"